కె.వి. రెడ్డి గారి విడిది

ఎనిమిదో తరగతిలో నాకొక పిచ్చి ఉండేది. హోటళ్ళ బొమ్మలు గీసేదాన్ని. ఉన్న హోటళ్ళు కాదు, ఎక్కడా లేనివి. ఆ ఏడు బడివాళ్ళు మమ్మల్ని బిడది దగ్గరున్న వండర్‌లాకి తీసుకెళ్ళారు. నీళ్ళలో జారుడుబల్లలు ఎక్కినదానికంటే, లోపలే ఒక రిసార్ట్ ఉందనీ, కొందరు సాయంత్రం ఇంటికి పోకుండా అక్కడే పడుకుంటారనీ తెలియడం నాకు పెద్ద వింతనిపించింది. మేమైతే చీకటి పడకముందే బస్సెక్కాం. మైసూరు రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చుని రఫ్ నోట్సు వెనక పేజీలో నా మొదటి హోటల్ గీశా.

ఏడాది తిరిగేసరికి పదకొండు హోటళ్ళయ్యాయి. ఒకటి మర్రిచెట్టు మీద. ఒకటి చెరువు అడుగున. ఒకటి జెయింట్ వీల్‌లో, తొట్టెకొక గది. అన్నిటికీ పేర్లు పెట్టి రంగులేశా. మా నాన్న అపార్టుమెంట్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తారు. సిమెంటు మూటలు, టైల్సు, కూలీల వారం డబ్బులు, అన్నీ ఆయన పుస్తకంలో ఉంటాయి. ఒక రాత్రి నా నోట్సు తీసుకుని పేజీ పేజీ చూశారు. చెరువు అడుగు హోటల్లోకి దిగడానికి మెట్లెక్కడున్నాయని అడిగారు. తాగే నీళ్ళ ట్యాంకు ఎక్కడన్నారు. ఇన్ని దుప్పట్లు ఎవరు ఉతుకుతారు, ఉతికేవాళ్ళు ఎక్కడ పడుకుంటారు అని అడిగారు. నన్ను ఎగతాళి చేస్తున్నారనుకున్నా. నోట్సు లాక్కుని బీరువా అడుగున పడేశా. తర్వాత మళ్ళీ గీయలేదు.

ఈసారి గోడపత్రికకి ఒక తెలుగు ప్రముఖుడి జీవితం రాయమన్నప్పుడు కె.వి. రెడ్డి గారి పేరిచ్చాను. కారణం పెద్దదేం కాదు. మా జేజిది తాడిపత్రి దగ్గరి పల్లె, ఆయన తాడిపత్రిలో పుట్టారు, అంతే. రాయడం మొదలుపెట్టాక బీరువా అడుగునున్న నోట్సు తీయాల్సొస్తుందని అప్పుడు తెలీదు.

కదిరి వెంకటరెడ్డి గారు 1912 జులై 1న పుట్టారు. తాడిపత్రి పెన్న ఒడ్డున ఉంటుంది. సెలవులకి పోయినప్పుడల్లా జేజి మమ్మల్ని అక్కడి గుళ్ళకి తిప్పేది. చింతల వెంకటరమణస్వామి గుడి, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, రెండూ విజయనగర కాలంనాటివి. చింతల గుడిలో రాతితో చెక్కిన రథం ఉంది. గోడల నిండా రామాయణం, భాగవతం బొమ్మలు. చదువు రానివాళ్ళు కూడా వేలు పెట్టి చూపిస్తూ కథ చెప్పుకోవచ్చు. రెడ్డి గారు తర్వాత తీసిన సినిమాలు కూడా అలాంటివే. చదువుకున్నవాళ్ళకీ, జేజిలాంటివాళ్ళకీ ఒకేలా అందుతాయి.

మద్రాసులో డిగ్రీ చదివి ఆయన సినిమా కంపెనీలో చేరారు. ఏ ఉద్యోగమనుకున్నారు? క్యాషియరు! హెచ్.ఎం. రెడ్డి గారి రోహిణీ పిక్చర్స్‌లో డబ్బులు లెక్కపెట్టే పని. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పాతాళానికి దారి చూపించిన మనిషి, ఆకాశంలోంచి ఘటోత్కచుణ్ణి దించిన మనిషి, అంతకుముందు రసీదులు రాసి సంతకాలు పెట్టించుకునేవాడన్నమాట. ఆ కంపెనీలోనే బి.ఎన్. రెడ్డి గారితో స్నేహం కుదిరింది. కొద్దికాలానికి బి.ఎన్. రెడ్డి గారు వాహినీ సంస్థ పెట్టారు. తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి గారు పెట్టుబడిలో అండగా నిలిచారు. వందేమాతరం 1939లో, సుమంగళి 1940లో, దేవత 1941లో వచ్చాయి. వాటికి కె.వి. రెడ్డి గారు ప్రొడక్షన్ మేనేజరు. అంటే ఎవరికి ఎంతివ్వాలి, ఏ సెట్టుకి ఎన్ని చెక్కలు కావాలి, ఏ రోజు ఎవరు రావాలి అని చూసే మనిషి. మా నాన్న చేసేది కూడా దాదాపు అదే పని.

1943లో భక్త పోతనతో ఆయన డైరెక్టరయ్యారు. నాగయ్య గారు పోతన. ఆ సినిమా బాగా ఆడింది. 1947లో యోగి వేమన, అందులోనూ నాగయ్య గారే. 1949లో గుణసుందరి కథ. మొత్తమ్మీద 1943 నుంచి 1971 దాకా ఆయన డైరెక్ట్ చేసినవి పద్నాలుగు సినిమాలే. ఇంత పేరున్నాయన ఇంత తక్కువ తీశారా అని నేను రెండుసార్లు లెక్కపెట్టుకున్నా.

తక్కువ ఎందుకంటే, ఆయన ముందు కాగితం మీద సినిమా అంతా అయిపోనిచ్చేవారు. కథ, మాటలు, పాటలు, ఏ సీను ఎంతసేపు, అంతా తేలాకే షూటింగు. నటులచేత సీను చదివించి స్టాప్‌వాచీ పెట్టి కొలిచేవారు. రెండు నిమిషాల సీను రెండు నిమిషాలే ఉండాలి. ఫిలిం అప్పట్లో ఖరీదైన సరుకు. అనవసరంగా ఒక్క అడుగు కూడా తిరగకూడదు. క్యాషియరు ఎక్కడికీ పోలేదు, డైరెక్టరు పక్కనే కూర్చున్నాడు.

1951 మార్చిలో విజయావారి పాతాళ భైరవి వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల సంస్థ అది. రామారావు గారు తోటరాముడు, రంగారావు గారు నేపాళ మాంత్రికుడు. అందులో తోటరాముడు కోరగానే ఒక మేడ లేస్తుంది. మాంత్రికుడి చేతికి ఆ బొమ్మ చిక్కగానే మేడ మాయమైపోతుంది. ఒక్క మాటకి లేచిన ఇల్లు ఒక్క మాటకే పోయింది. అద్దె ఇళ్ళు మారినవాళ్ళకి ఆ సీను వేరే చెప్పక్కర్లేదు. బెంగళూరులో మేం ఇప్పటికి నాలుగు ఇళ్ళు మారాం. 1952 జనవరిలో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో జరిగినప్పుడు దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా పాతాళ భైరవే.

జానపదాలే కాదు. 1954లో పెద్దమనుషులు తీశారు. ఊళ్ళో పెద్దమనుషులనిపించుకునేవాళ్ళ లోపలి రంగు చూపించే కథ. దానికి రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. 1955లో అన్నపూర్ణా సంస్థ మొదటి సినిమా దొంగరాముడు కూడా ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 1957 మార్చి 27న మాయాబజార్ విడుదలైంది. తమిళంలోనూ తీశారు, అది ఏప్రిల్‌లో వచ్చింది. ఈ కథ అప్పటికే జనానికి కొత్తకాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాలవాళ్ళు మాయాబజార్‌ని స్టేజీ మీద ఆడుతూ వచ్చారు, ఇప్పటికీ ఆడుతున్నారు. 1936లో ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. తెలిసిన కథని మళ్ళీ చెప్పి జనాన్ని కూర్చోబెట్టడం ఎంత కష్టమో సెమినార్ ఇచ్చిన మనందరికీ తెలుసు.

కథ మీకు తెలిసిందే. శశిరేఖని అభిమన్యుడికిస్తామన్న మాట తప్పి, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలనుకుంటారు. పెళ్ళి ద్వారకలో. మగపెళ్ళివారికి విడిది కావాలి. ఆ విడిదిని కట్టేది ఘటోత్కచుడి మనుషులు, చిన్నమయ, లంబు, జంబు. రాత్రికి రాత్రి ఒక ఊరే లేస్తుంది. బజారు, అంగళ్ళు, గదులు, మంచాలు, వంటలు. అంతా మాయ.

దీన్ని నేను చిన్నప్పుడు టీవీలో చూశా, ఘటోత్కచుడు లడ్డూలు తినడం తప్ప ఏమీ గుర్తులేదు. ఈ వ్యాసం కోసం మొన్న జేజితో కూర్చుని మళ్ళీ చూశా. జేజి మోకాళ్ళ వైద్యం కోసం మా ఇంటికొచ్చి మూడు నెలలైంది. మాది రెండు గదుల ఇల్లు. జేజి హాల్లో దివాన్ మీద పడుకుంటుంది. అమ్మ కన్నడ మనిషి, తెలుగు అర్థమవుతుంది కానీ పద్యాలు అందవు. అయినా వచ్చి కూర్చుంది, లేవలేదు.

విడిది సీన్లలో నేను ఆపి ఆపి చూశా. శర్మ, శాస్త్రి ముందుగా వస్తారు. పెళ్ళివారి తరఫున వచ్చాం కదా అని అన్నిటికీ వంకలు పెడతారు. కింద పరిచినది కంబళి కాదు గింబళి. ఎక్కి పడుకునేది తల్పం కాదు గిల్పం. ఈ మాటలు పింగళి నాగేంద్రరావు గారు పుట్టించినవి. ఆ గింబళి వాళ్ళని చుట్టేస్తుంది. ఆ గిల్పం గిరగిరా తిరిగి కిందికి దొర్లిస్తుంది. జేజి పళ్ళు లేని నోటితో నవ్వింది, అమ్మ నవ్వింది, నేను మాత్రం నోట్సులోని పదకొండు హోటళ్ళని తలచుకుంటున్నా.

నా హోటళ్ళలో మనుషులు లేరు. బయటినుంచి చూస్తే బాగుంటాయి. చెట్టు, చెరువు, చక్రం. ఎవరొస్తారు, వచ్చినవాళ్ళకి ఏం కావాలి, వాళ్ళు ఎలాంటివాళ్ళు, ఇవేవీ నేను అనుకోలేదు. రెడ్డి గారి విడిది మనిషితో మొదలవుతుంది. వచ్చేవాడు వంకలు పెట్టేవాడు, కాబట్టి మంచం తిరగాలి. పరుపు మెత్తదనం కోసం ఆశపడేవాడు, కాబట్టి పరుపే వాడికి బుద్ధి చెప్పాలి. అదే సినిమాలో సత్యపీఠం ఉంది, దానిమీద నిలబడితే శకుని కూడా నిజం కక్కేస్తాడు. ప్రియదర్శిని పెట్టె ఉంది, తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనిపిస్తుంది. అవి ఊరికే సొగసుకి పెట్టిన సామాన్లు కావు. ఎదుటి మనిషి లోపల ఏముందో బయటపెట్టే సామాన్లు.

మరి ఈ మాయని నిజంగా కట్టింది ఎవరు? రాక్షసులు కాదు. మద్రాసు వడపళనిలో వడ్రంగులు, రంగులేసేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు. సినిమాకి ముందు ఏర్పాట్లలోనే నాలుగు వందలమంది దాకా పనిచేశారు. కళ గోఖలే, కళాధర్ గార్లది. కెమెరా మార్కస్ బార్ట్‌లీ గారిది. ద్వారకా నగరాన్ని పైనుంచి చూపించడానికి చందమామ బిల్డింగ్స్‌లో 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో 300 బుల్లి ఇళ్ళు కట్టారు. ఒక్కొక్కటి సుమారు ఒక చదరపు అడుగు. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. వాటికి కరెంటు దీపాలు పెట్టారు. మా క్లాసురూమును రెండు మూడు కలిపితే అంత చోటు. అంతలో ఒక రాజధాని పట్టింది.

ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతటవే కదిలే సీను కూడా అంతే. బొమ్మని కొంచెం జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్ళీ జరపడం. కంప్యూటర్ లేదు. ఓపిక, లెక్క, అంతే. రామారావు గారు కృష్ణుడిగా బాగుంటారా అని అప్పట్లో అనుమానం ఉండేదట. అంతకుముందు సొంతఊరు సినిమాలో ఆయన కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. రామారావు గారు కూడా వెనకాడారు. రెడ్డి గారు పట్టు వదల్లేదు. కిరీటం, నగలు, వేషం అన్నీ కొత్తగా ఆలోచింపజేశారు. ఆ తర్వాత మా జేజి తరానికి కృష్ణుడంటే ఆ ముఖమే.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో వాల్ట్ డిస్నీ తన కలల ఊరు కట్టారు. డిస్నీల్యాండ్ తెరిచింది 1955 జులై 17న. దాని పక్కన హోటల్ అదే ఏడు అక్టోబరులో తెరిచారు. అక్కడ డబ్బు కట్టినవాళ్ళు నిజంగా పడుకోవచ్చు. మన విడిదిలో ఒక్కరు కూడా ఒక్క రాత్రి పడుకోలేదు. షూటింగు అయ్యాక సెట్టు పీకేసుంటారు, చెక్కలు ఇంకో సెట్టుకి పోయుంటాయి. అయినా అరవై ఏళ్ళు దాటినా తెలుగువాళ్ళు అందులో దిగుతూనే ఉన్నారు. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే జనం మళ్ళీ వెళ్ళారు. 2013లో ఒక జాతీయ టీవీ ఛానెల్ పోలింగులో భారతదేశపు అతి గొప్ప సినిమాగా ఎన్నుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జీవితం రాయమన్నారు కాబట్టి మిగిలింది కూడా రాయాలి. 1961లో జగదేకవీరుని కథ, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం వచ్చాయి. తర్వాత గాలి మారింది. 1965లో సత్య హరిశ్చంద్ర నడవలేదు. 1968లో ఉమాచండీ గౌరీశంకరుల కథ కూడా నడవలేదు. లెక్క తప్పనివాడని పేరున్న మనిషికి లెక్క తప్పింది. కొన్నాళ్ళు చేతిలో సినిమా లేదు. 1971లో రామారావు, జయలలిత గార్లతో శ్రీకృష్ణ సత్య చేశారు. అదే చివరిది. 1972 సెప్టెంబరు 15న పోయారు. అరవై ఏళ్ళు.

ఇది చదివాక నాకు రెండు రోజులు రాయబుద్ధి కాలేదు. స్టాప్‌వాచీ పెట్టి, ప్రతి అడుగూ కొలిచి, అంత జాగ్రత్తగా ఉన్నా చివరికి ఇంతేనా అనిపించింది. జేజికి చెప్పా. జేజి ఆయన గురించి ఏమీ అనలేదు. ఆ మంచం తిరిగే చోటు మళ్ళీ పెట్టమంది. పెట్టా. మళ్ళీ అంతే నవ్వింది. దివాన్ మీద పక్కకి తిరగడానికి రోజూ అమ్మ సాయం కావాలి జేజికి. తిరిగే మంచం తన దగ్గరుంటే ఎంత సుఖమో అని ఆ రాత్రి నాకు తట్టింది. అది మామూలుగా తట్టే ఆలోచన కాదు, హోటళ్ళు గీసేటప్పుడు వచ్చేలాంటి ఆలోచన.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో సింగీతం శ్రీనివాసరావు గారొకరు. ఆయన తర్వాత ఆదిత్య 369లో మనల్ని కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్ళారు. భైరవద్వీపం తీశారు. కాబట్టి సెట్టు పీకేసినా పని పోలేదు, చేతులు మారింది. వడపళనిలో ఆ స్టూడియో ఉన్న స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి ఉంది, మాల్ ఉంది, ఒక పెద్ద హోటల్ కూడా ఉంది. ఒకప్పుడు లేని ఊళ్ళు కట్టిన చోట ఇప్పుడు నిజం మనుషులు గది తాళాలు తీసుకుంటున్నారు.

పోయిన ఆదివారం బీరువా అడుగునుంచి నోట్సు తీశా. చెరువు అడుగు హోటల్ పేజీలో, నేను లాక్కోకముందు నాన్న పెన్సిల్‌తో గీసిన గీతలు ఉన్నాయి. ఇన్నేళ్ళూ అవి కొట్టివేతలనుకున్నా. కాదు. అవి మెట్లు. పదమూడు మెట్లు, పక్కన ఒక్కోదాని ఎత్తు అంకెల్లో రాసుంది. కింద మూలన చిన్న గది గీసి దుప్పట్లు ఉతికేవాళ్ళకి అని రాశారు. ఎగతాళి చేసే మనిషి ఎత్తులు ఎందుకు రాస్తాడు? నాన్న ఆ రోజు నాతోపాటు కట్టడం మొదలుపెట్టారు. నేనే లాక్కున్నా.

పన్నెండో హోటల్ మొదలుపెట్టా. కింది అంతస్తే, మెట్లు లేవు, ఎందుకంటే మొదట దిగేది జేజి. మంచం తిరుగుతుంది, కానీ ఎవరినీ పడదోయదు. ఉతికేవాళ్ళ గదికి కిటికీ ఉంది. డిగ్రీ అయ్యాక సెట్ డిజైన్ చదవాలనుందని నాన్నతో చెప్పా. ఆయన వెంటనే సరే అనలేదు. ఫీజు ఎంత, ఎన్నేళ్ళు, బ్యాంకు లోను వస్తుందా అని కాగితం మీద రాసుకున్నారు. ఈసారి నేను లేచి వెళ్ళిపోలేదు, పక్కన కూర్చుని అంకెలు చెప్పా.

ఒక చిన్న మనవి. వచ్చే నెల మన డిపార్టుమెంటు పండక్కి మాయాబజార్ విడిదిని అట్టలతో చేద్దామనుకుంటున్నా, గిల్పం తిరిగేలా. మూడు వందల ఇళ్ళు మనవల్ల కాదు, ముప్ఫై చాలు. మీ ఇళ్ళలో పార్సెల్ అట్టపెట్టెలుంటే పారేయకండి. శనివారం మూడింటికి తెలుగు క్లాసులో ఉంటా. స్కేలూ కత్తెరా నేను తెస్తా.